మన పాటకు నప్పే హెడ్‌ఫోన్స్: ధర చెప్పని సంగతులు

ఒకే మోడల్ హెడ్‌ఫోన్స్ గురించి ఇద్దరు రాసిన రివ్యూలు పక్కపక్కన పెట్టి చదివితే అయోమయంగా ఉంటుంది. ఒకరు "బేస్ అదిరిపోయింది, ఈ ధరలో ఇంతకంటే మంచివి దొరకవు" అంటారు. ఇంకొకరు "గొంతు ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది, డబ్బు దండగ" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. వాళ్లు వినే పాటలు వేరు, వినే చోటు వేరు, పెట్టుకునే వాల్యూమ్ వేరు, చివరికి చెవి లోపలి ఆకారం కూడా వేరు. చవక మోడల్‌లో తయారీదారు ఏదో ఒకటి వదులుకోక తప్పదు. వదులుకున్నది మనకు అవసరమైనదా, కాదా అన్నది మాత్రం మనం వినే సంగీతం తేలుస్తుంది.

ఈ లెక్క అర్థం కావాలంటే ముందు పాటలో ఏది ఎక్కడ ఉంటుందో చూడాలి. బ్రాండ్లు, ఫీచర్లు ఆ తర్వాతి మాట.

పాటలో ఏ శబ్దం ఎక్కడ ఉంటుంది

గాలిలో కంపనం సెకనుకు ఎన్నిసార్లు జరిగితే అన్ని హెర్ట్జ్, ఆ లెక్కనే ఫ్రీక్వెన్సీ అంటారు. మనిషి చెవి పట్టుకునే పరిధిని 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని చెబుతారు. వయసు పెరిగేకొద్దీ పై కొస తరిగిపోతుంది. నడివయసు దాటినవాళ్లలో చాలామందికి 15,000 పైన ఏమీ వినపడదు. పాట వినడానికి అది పెద్ద లోటేమీ కాదు, ఎందుకంటే సంగీతంలో ముఖ్యమైనదంతా చాలా కిందే ఉంటుంది. 88 మెట్ల పియానోలో అట్టడుగు స్వరం 27.5 హెర్ట్జ్, అన్నిటికంటే పైది సుమారు 4,186 హెర్ట్జ్. బేస్ గిటార్ అడుగు తీగ 41, మామూలు గిటార్ అడుగు తీగ 82, పాశ్చాత్య శ్రుతిలో వయొలిన్ అడుగు తీగ 196 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి.

అయితే ఏ వాయిద్యమూ ఒక్క ఫ్రీక్వెన్సీ మీద మాత్రమే మోగదు. 440 హెర్ట్జ్ స్వరం పలికే తీగ దాంతోపాటు 880, 1,320, 1,760 దగ్గర కూడా చిన్నగా పలుకుతుంది. వీటిని అతిస్వరాలు అంటారు. అదే స్వరాన్ని వేణువు, వయొలిన్, గొంతు పలికినప్పుడు మూడూ వేరువేరుగా వినిపించడానికి ముఖ్య కారణం ఈ అతిస్వరాలు ఒక్కో దాంట్లో ఒక్కో పాళ్లలో ఉండటమే. మృదంగం, తబలా విషయంలో ఇది ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. మామూలు డోలు చర్మం మీద పుట్టే అతిస్వరాలకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు, అందుకే దానికి స్పష్టమైన శ్రుతి వినపడదు. మృదంగం మీద నల్లటి పూత ఆ అతిస్వరాలను ఒక వరుసలోకి తెస్తుందని సి.వి. రామన్ తన సహచరుడితో కలిసి 1920లోనే నేచర్ పత్రికలో రాశారు. అంటే మృదంగం అందం దాని దెబ్బలోని బరువులో ఎంత ఉందో, ఆ దెబ్బ మీద పలికే శ్రుతిలో కూడా అంతే ఉంది. బేస్ ఎక్కువున్న హెడ్‌ఫోన్స్‌లో మృదంగం "బాగా" వినిపిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటిలో దెబ్బ ఉబ్బుతుంది, నాదం మసకబారుతుంది.

వ్యవహారంలో ఈ పరిధిని మూడు ముక్కలుగా చెప్పుకుంటారు. సుమారు 250 హెర్ట్జ్ వరకు బేస్, అక్కడి నుంచి 4,000 వరకు మిడ్స్, ఆ పైన ట్రెబుల్. ఇవి గీత గీసినట్టు ఉండే హద్దులు కావు, ఒక్కొక్కరు కాస్త అటూఇటూ చెబుతారు. బేస్‌లోనూ 60 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదాన్ని సబ్-బేస్ అని విడిగా చూస్తారు. చెవికి వినిపించడం కంటే ఒంటికి తగిలినట్టు అనిపించే గుంభనం అక్కడిదే. ఇక స, శ, ష లాంటి అక్షరాల ఊదు శబ్దం ఎక్కువగా 5,000 నుంచి 8,000 మధ్య ఉంటుంది. హెడ్‌ఫోన్స్ ఆ చోట ఎక్కువ పలికితే ప్రతి సకారమూ సూదిలా గుచ్చుతుంది.

ఇంకొక్క విషయం తెలిస్తే సగం రివ్యూలు అర్థమవుతాయి. కింది శబ్దం గట్టిగా ఉన్నప్పుడు దానికి పైనున్న శబ్దాలను చెవి సరిగ్గా పట్టుకోలేదు. పై శబ్దాలు కింది వాటిని అంతగా కప్పలేవు. 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఉబ్బెత్తుగా ఉన్న హెడ్‌ఫోన్స్‌లో గొంతు "వెనక్కి పోయినట్టు" అనిపించేది ఇందుకే. గొంతును ఎవరూ తగ్గించలేదు, దాని మీద దుప్పటి పడింది.

గ్రాఫ్ మీద తిన్నగా ఉంటే చెవికి తిన్నగా ఉండదు

ఏ ఫ్రీక్వెన్సీని ఎంత గట్టిగా పలకాలో తయారీదారు చేసే సర్దుబాటే ట్యూనింగ్. దాన్ని కొలిచి గీసిన గీతనే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫ్ అంటారు. అడ్డంగా హెర్ట్జ్, నిలువుగా డెసిబెళ్లు, అంటే శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత. ఒక డెసిబెల్ తేడాను చెవి పట్టుకోవడం కష్టం. 10 డెసిబెళ్లు పెరిగితే దాదాపు రెండింతలు గట్టిగా అనిపిస్తుంది.

మొదటిసారి ఈ గ్రాఫ్ చూసేవాళ్లు గీత తిన్నగా ఉండటమే మంచిదనుకుంటారు. స్పీకర్ల విషయంలో అది దాదాపు నిజం. హెడ్‌ఫోన్స్‌కు కుదరదు. గదిలో వినిపించే శబ్దం చెవి డిప్పను, చెవి గొట్టాన్ని దాటి కర్ణభేరికి చేరేసరికి 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల 10 డెసిబెళ్లకు పైగా పెరుగుతుంది. మన మెదడు పుట్టినప్పటి నుంచీ దానికి అలవాటు పడింది. హెడ్‌ఫోన్స్ ఆ దారిని చాలావరకు మార్చేస్తాయి కాబట్టి ఆ పెరుగుదలను అవే సమకూర్చాలి. 3,000 దగ్గర గుట్టలా లేచిన గీతే సహజంగా వినిపిస్తుంది. అది లేకపోతే గొంతుకు ముక్కు మూసినట్టుంటుంది. మరీ ఎక్కువైతే అరుస్తున్నట్టుంటుంది.

అయితే ఎంత ఉంటే సరి? ఈ ప్రశ్న మీద బాగా పేరున్న పరిశోధన హార్మన్ అనే ఆడియో సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ 2012 ప్రాంతంలో మొదలుపెట్టింది. రకరకాల ట్యూనింగ్‌లను, బ్రాండ్ ఏదో తెలియకుండా, మామూలు శ్రోతలకూ శిక్షణ పొందిన శ్రోతలకూ వినిపించి మార్కులు వేయించారు. దాని నుంచి వచ్చినదే హార్మన్ టార్గెట్ అనే గీత. మంచి గదిలో మంచి స్పీకర్లు వింటున్నట్టు, బేస్ కొంచెం ఎక్కువగా ఉండే ట్యూనింగ్ అది. శ్రోతల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది దానికి దగ్గరగా ఉన్నవాటినే ఇష్టపడ్డారు. మిగిలినవాళ్లు రెండు గుంపులు: ఒకరికి ఇంకా బేస్ కావాలి, ఇంకొకరికి కొంత తగ్గాలి.

ఈ ఫలితాన్ని రెండు రకాలుగా చదవొచ్చు, చదువుతున్నారు కూడా. ఎక్కువమందికి నచ్చేది ఒకటుంది కాబట్టి దానికి దగ్గరగా ఉన్నవే మంచి హెడ్‌ఫోన్స్ అని ఒక పక్షం. మూడో వంతు మంది వేరేది కోరుకున్నారు కాబట్టి వ్యక్తిగత అభిరుచిని కొట్టిపారేయలేమని రెండో పక్షం. నాకు రెండూ పనికొచ్చే మాటలే అనిపిస్తాయి. సొంత ఇష్టం ఇంకా తెలియనివాళ్లకు మొదటిది మంచి ఆరంభం. ఇప్పటికే రెండు మూడు జతలు వాడి, వాటిలో ఏది చికాకు పెట్టిందో చెప్పగలిగినవాళ్లకు రెండోది ఉపయోగం.

రివ్యూల్లో తరచూ కనిపించే పేర్లు ఈ గీత ఆకారాలే. బేస్, ట్రెబుల్ రెండూ లేచి మధ్యలో దిగితే వి-షేప్. బేస్ కొంచెం ఎక్కువై ట్రెబుల్ మెత్తగా ఉంటే వార్మ్. ట్రెబుల్ ముందుంటే బ్రైట్. ఏదీ ముందుకు రాకపోతే న్యూట్రల్. చవక మోడళ్లలో వి-షేప్ ఎక్కువగా కనిపించడానికి కారణముంది: ఒక్క నిమిషం విన్నప్పుడు అదే ఉత్సాహంగా అనిపిస్తుంది. గంట విన్నాక సంగతి వేరు.

గ్రాఫ్‌ల గురించి ఒక జాగ్రత్త. కొలిచే యంత్రాలు రకరకాలు, ఒకదాని మీద కొలిచిన గ్రాఫ్‌ను ఇంకోదాని మీద కొలిచినదానితో పోల్చకూడదు. ఇయర్‌ఫోన్స్ గ్రాఫ్‌లలో 8,000 హెర్ట్జ్ దగ్గర తరచూ కనిపించే శిఖరం చాలావరకు, ఇయర్‌ఫోన్‌ను యంత్రంలో ఎంత లోతుగా పెట్టారన్నదాన్ని బట్టి వచ్చేది. ఒకే చోట కొలిచిన రెండు మోడళ్ల మధ్య తేడా చూడటానికి గ్రాఫ్ బాగా పనిచేస్తుంది.

నలుగురు శ్రోతలు, నాలుగు అవసరాలు

సంగీతపు రకం పేరు చెప్పగానే హెడ్‌ఫోన్స్ పేరు చెప్పేసే పట్టికలు చాలా కనిపిస్తాయి. రకం కంటే ఆ రికార్డింగ్ ఎప్పటిది, దాంట్లో మనసు దేని వెంట పోతుంది, ఎక్కడ కూర్చుని వింటున్నాం అనేవి ఎక్కువ తేలుస్తాయి. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

శాస్త్రీయ గాత్ర కచేరీలు వినే ఒకరిని తీసుకుందాం. ఆమె చెవి గమకాల వెంట, వయొలిన్ నీడలా అనుసరించే తీరు వెంట పోతుంది. ఇదంతా దాదాపు 200 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య జరిగే వ్యవహారం. ఆమెకు 40 హెర్ట్జ్ దగ్గర ఉరుము అక్కర్లేదు, అది ఉంటే తంబురా నాదం, మృదంగం శ్రుతి మసకబారతాయి. న్యూట్రల్ లేదా కొంచెం వార్మ్ ట్యూనింగ్, 3,000 దగ్గర సరైన ఎత్తు, సకారాలు గుచ్చని ట్రెబుల్ చాలు. ఇంట్లో ప్రశాంతంగా వినేవాళ్లయితే ఓపెన్-బ్యాక్ రకం ఇంకా నప్పుతుంది. అదేమిటో తర్వాత చెబుతాను.

పాత పాటల ప్రేమికుడిది ఇంకో లెక్క. మైక్రోఫోన్‌తో ఎలక్ట్రికల్ రికార్డింగ్ 1925లో మొదలైంది. అంతకుముందువి కొమ్ము బూరలోకి పాడి నేరుగా చెక్కినవి. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లపాటు రికార్డులలో అట్టడుగు బేస్, పై కొస ట్రెబుల్ పెద్దగా ఉండేవి కావు. పైన మిగిలేది ఎక్కువగా గరగర, బుస. బ్రైట్ హెడ్‌ఫోన్స్ ఆ బుసనే ముందుకు తెస్తాయి. సబ్-బేస్ కోసం పేరు పడ్డవి పలకడానికి రికార్డులో ఏమీ ఉండదు. ఇలాంటి శ్రోతకు మిడ్స్ బాగున్న, ట్రెబుల్ మెత్తగా ఉన్న సాదా మోడలే ఖరీదైన దానికంటే ఎక్కువ ఆనందం ఇస్తుంది. పాత మోనో పాటల్లో శబ్దమంతా తల మధ్యలో వినిపించడం సహజం, హెడ్‌ఫోన్స్ లోపమని భయపడనక్కర్లేదు.

ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం, హిప్-హాప్, ఇప్పటి సినిమాల ధూమ్‌ధామ్ పాటలు వినే కుర్రాడికి 30 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ప్రాణం ఉండాలి. ఇక్కడ చాలామందికి తెలియని సూక్ష్మం ఒకటుంది. బేస్ ఎక్కువ ఉండటం, బేస్ లోతుగా ఉండటం వేరువేరు. 60కి దిగువన లేచి 200 దగ్గరకు వచ్చేసరికి తిన్నగా అయిపోయే ట్యూనింగ్‌లో దెబ్బ గట్టిగా తగులుతుంది, గొంతూ శుభ్రంగా ఉంటుంది. అదే లోతు లేకుండా 150 దగ్గర ఉబ్బితే పాటంతా బుంగలో పాడినట్టు ఉంటుంది. చవక హెడ్‌ఫోన్స్‌లో కొన్నిటికి ఉండే జబ్బు ఈ రెండోది. "ఎక్స్‌ట్రా బేస్" అన్న మాట ఈ రెండిటికీ వాడతారు కాబట్టి గ్రాఫ్ చూడటం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది.

హెవీ మెటల్, రాక్ శ్రోత సంగతి మధ్యస్థం. డిస్టార్షన్ గిటార్ శక్తి ఎక్కువగా మిడ్స్‌లోనూ, 2,000 నుంచి 5,000 మధ్యా పోగుపడుతుంది. వి-షేప్‌లో గిటార్ గోడ పలచబడి, డ్రమ్స్‌తో మోగే తాళాలు (సింబల్స్) మాత్రం చురుక్కుమంటాయి. 3,000 మరీ ఎక్కువైతే అరగంటకే చెవులు అలసిపోతాయి. రిథమ్ గిటార్ ఇష్టమా, డ్రమ్స్ ఇష్టమా అన్నదాన్ని బట్టి ఒకే పాటకు ఇద్దరు వేరువేరు ట్యూనింగ్‌లు కోరుకుంటారు.

ఇవన్నీ కలిపి వినేవాళ్ల మాటేమిటి? న్యూట్రల్ పక్షం వాళ్ల వాదన ఇక్కడే బలంగా నిలుస్తుంది. పాటను మిక్స్ చేసినవాళ్లే అవసరమైన చోట బేస్ పెట్టారు, హెడ్‌ఫోన్స్ మళ్లీ కలపనక్కర్లేదు అంటారు వాళ్లు. అవతలి పక్షం వాదన కూడా తేలికైనది కాదు: మిక్స్ చేసిన గదులు, స్పీకర్లు ఒకేలా లేవు కాబట్టి రికార్డింగ్‌లే ఒకదానితో ఒకటి సరిపోలవు, ఇక "ఉన్నది ఉన్నట్టు" అనే మాటకు కొలమానం ఏది అంటారు. ఆడియో పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ ఈ చిక్కుకు "అయోమయ వలయం" అనే అర్థం వచ్చే పేరే పెట్టారు.

డబ్బు ఎక్కువ పెడితే ఏం పెరుగుతుంది

2017లో జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్స్ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌ను, వాటి చిల్లర ధరలను పక్కపక్కన పెట్టి చూశారు. రెండిటికీ సంబంధం కనిపించలేదు. తక్కువ బడ్జెట్ వాళ్లకు ఇంతకంటే మంచి వార్త ఉండదు. ట్యూనింగ్ చేయడానికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు, తెలిసిన చెవి, కొలిచే యంత్రం, ఓపిక కావాలి. ఇటీవలి ఏళ్లలో చైనా కంపెనీల నుంచి వచ్చిన వైరు ఇయర్‌ఫోన్స్ దీన్ని బాగా నిరూపించాయి. మూన్‌డ్రాప్ చూ లాంటి ప్రారంభ మోడళ్లు ప్రచురిత టార్గెట్లకు దగ్గరగా ట్యూన్ చేసి అమ్ముడవుతున్నాయి. 1984లో వచ్చిన కోస్ పోర్టా ప్రో ఇప్పటికీ దాదాపు అదే రూపంలో దొరుకుతోంది.

అలాగని ధర దేనికీ సంబంధం లేనిదని కాదు. మెత్తటి ప్యాడ్లు, విడదీసి మార్చుకోగల వైరు, విరగని మడత, మంచి మైక్, నమ్మకమైన నాయిస్ క్యాన్సలింగ్ (బయటి రొదను ఎదురు శబ్దంతో తగ్గించడం), ఎడమ కుడి డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు) సరిగ్గా జతకుదరడం, ఇవన్నీ డబ్బుతో మెరుగవుతాయి. ఒకే మోడల్‌లో ఒక్కో జత ఒక్కోలా ఉండే సమస్య చవక వాటిలో ఎక్కువ.

ఓపెన్, క్లోజ్డ్, చెవిలో పెట్టుకునేవి

ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్స్‌లో డ్రైవర్ వెనక జాలీ ఉంటుంది, శబ్దం బయటికీ పోతుంది, బయటి శబ్దం లోపలికీ వస్తుంది. సెన్‌హైజర్ 1968లో తెచ్చిన హెచ్‌డీ 414తో ఇవి జనంలోకి వచ్చాయి. పాట తలలో ఇరుక్కున్నట్టు కాకుండా చుట్టూ విస్తరించినట్టు ఉంటుంది. బదులుగా సబ్-బేస్ సాధారణంగా తగ్గిపోతుంది, పక్కన కూర్చున్నవాళ్లకు మన పాట వినపడుతుంది. క్లోజ్డ్-బ్యాక్ దీనికి తిరగబడ్డ రకం.

చెవి గొట్టంలోకి దూరే ఇయర్‌ఫోన్స్ తక్కువ ధరలో లోతైన బేస్‌కు బాగా అనువు, ఎందుకంటే అవి కదిలించాల్సిన గాలి చాలా తక్కువ. కానీ అదంతా చెవి ద్వారం గట్టిగా మూసుకుంటేనే. చిన్న సందు మిగిలినా సబ్-బేస్ 10 డెసిబెళ్లకు పైగా పడిపోగలదు. "బేస్ లేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు పెట్టెలోనే ఉన్న ఇంకో సైజు సిలికాన్ టిప్. ఎడమ చెవికి ఒక సైజు, కుడి చెవికి ఇంకో సైజు పట్టడం కూడా మామూలే. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు పెద్ద హెడ్‌ఫోన్స్‌తో ఇదే తంటా: జోడు కాడ ప్యాడ్‌ను లేపి సందు చేస్తుంది. మెత్తటి, మందపాటి ప్యాడ్లు ఉన్నవాటిలో నష్టం తక్కువ.

వాల్యూమ్ మారితే పాట కూడా మారుతుంది

ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లో ప్రచురించిన కొలతల నుంచి తెలిసిన విషయం ఇది: తక్కువ శబ్దంలో చెవికి బేస్ సరిగ్గా వినపడదు. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 226 లెక్క ప్రకారం, 1,000 హెర్ట్జ్ స్వరం 80 డెసిబెళ్ల దగ్గర ఉంటే దానితో సమానంగా అనిపించడానికి 100 హెర్ట్జ్ స్వరానికి సుమారు 92 డెసిబెళ్లు కావాలి, తేడా 12. అదే 1,000 హెర్ట్జ్ స్వరం 40 దగ్గర ఉంటే 100 హెర్ట్జ్‌కు సుమారు 64 కావాలి, తేడా 24. అంటే వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడు బేస్ అదనంగా 12 డెసిబెళ్ల దాకా పలచబడినట్టు వినిపిస్తుంది. రాత్రిపూట నెమ్మదిగా వినే అలవాటున్నవాళ్లకు కాస్త బేస్ ఎక్కువున్న మోడల్ "న్యూట్రల్‌గా" వినిపించడం, గట్టిగా వినేవాళ్లకు అదే మోడల్ దడదడలాడటం ఇందువల్లే.

రెండు జతలను పోల్చేటప్పుడు మోసపోయేది కూడా ఇక్కడే. ఏది కొంచెం గట్టిగా ఉంటే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. రెండిటినీ ఒకే స్థాయికి తెచ్చి వింటేనే పోలికకు అర్థం.

చెవి ఆరోగ్యం కూడా ఈ లెక్కలోదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు అనే హద్దు సూచించింది. ప్రతి 3 డెసిబెళ్లకు సమయం సగమవుతుంది: 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. రోడ్డు రొదలో పాట వినపడాలని వాల్యూమ్ పెంచేవాళ్లు తెలియకుండానే ఈ మెట్లు ఎక్కేస్తారు. ప్రయాణాల్లో వినేవాళ్లకు బయటి శబ్దాన్ని ఆపే గుణం ట్యూనింగ్ కంటే ముఖ్యమని నేననేది అందుకే. వాహనాల రొద ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీలలో ఉండి పాటలోని బేస్‌ను మింగేస్తుంది. యాక్టివ్ నాయిస్ క్యాన్సలింగ్ సరిగ్గా ఆ భాగంలోనే బాగా పనిచేస్తుంది. మాటలు, హారన్లు లాంటి పై శబ్దాలను ఆపేది ప్యాడ్ లేదా టిప్ బిగువే.

ఓమ్‌లు, వైర్లు, బ్లూటూత్

వైరు హెడ్‌ఫోన్స్ మీద 32 ఓమ్, 250 ఓమ్ లాంటి అంకె ఉంటుంది, విద్యుత్తుకు అవి చూపే నిరోధం అది. పక్కనే ఉండే సెన్సిటివిటీని (ఇంత విద్యుత్తుకు ఎంత గట్టిగా మోగుతుందన్నది) కూడా కలిపి చూస్తేనే ఆ అంకె ఉపయోగపడుతుంది. పాటలో గట్టి క్షణాలకు 110 డెసిబెళ్ల దాకా అందాలని అనుకుందాం. 32 ఓమ్, 1 మిల్లీవాట్‌కు 100 డెసిబెళ్లు ఇచ్చే జతకు 10 మిల్లీవాట్లు, అంటే సుమారు 0.57 వోల్ట్ చాలు. 250 ఓమ్, 96 డెసిబెళ్ల జతకు 25 మిల్లీవాట్లు, అంటే సుమారు 2.5 వోల్ట్‌లు కావాలి. ఫోన్లు, చిన్న అడాప్టర్లు చాలావరకు 1 వోల్ట్ లోపునో, ఆ చుట్టుపక్కలో ఇస్తాయి. మొదటి జత హాయిగా మోగుతుంది, రెండోదానికి విడిగా ఆంప్లిఫైయర్ కొనాలి. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఆ ఖర్చూ కలపాలి.

బ్లూటూత్‌లో ఈ బాధ లేదు, ఆంప్లిఫైయర్ లోపలే ఉంటుంది. అక్కడి చర్చంతా కోడెక్‌ల మీద, అంటే పాటను కుదించి పంపే పద్ధతుల మీద. సీడీ నాణ్యత సెకనుకు 1,411 కిలోబిట్లు. బ్లూటూత్ అంత మోయదు కాబట్టి కుదిస్తుంది: ఎస్‌బీసీ మామూలుగా 328 కిలోబిట్ల వరకు, ఎల్‌డ్యాక్ 990 వరకు. ఐఫోన్లలో ఎస్‌బీసీ, ఏఏసీ మాత్రమే ఉంటాయి, కాబట్టి ఆ ఫోన్ వాడేవాళ్లకు ఎల్‌డ్యాక్ ఉన్నా లేనట్టే. కోడెక్ తేడా గురించి గట్టిగా వాదించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. నా అంచనాలో చవక వర్గంలో ట్యూనింగ్, బిగువు తెచ్చే తేడా ముందు ఇది చాలా చిన్నది.

అదే ధరకు వైరు రకం శబ్దంలో సాధారణంగా ఒక మెట్టు పైనే ఉంటుంది. డబ్బు బ్యాటరీకి, చిప్‌కు, రేడియోకు పోదు కదా. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ కొన్నేళ్లకు నీరసిస్తే చాలా మోడళ్లలో మార్చే వీలుండదు, అది కూడా ధరలో భాగమే.

ఈక్వలైజర్ ఎంతవరకు సరిచేయగలదు

ట్యూనింగ్ నచ్చకపోతే ఈక్వలైజర్‌తో (ఒక్కో ఫ్రీక్వెన్సీ భాగాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనం) మార్చుకోవచ్చు, ఖర్చేమీ ఉండదు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ ఉన్నాయి. వేల మోడళ్లకు కొలతల ఆధారంగా సిద్ధం చేసిన సెట్టింగులు ఆటోఈక్యూ అనే ప్రాజెక్టులో దొరుకుతాయి. దీన్ని బట్టి కొందరు ఏ హెడ్‌ఫోన్స్ కొన్నా ఒకటే అంటారు. అంత దూరం పోలేం. బేస్‌ను 6 డెసిబెళ్లు పెంచడమంటే అక్కడ నాలుగు రెట్ల శక్తి అడగడం. చిన్న డ్రైవర్ ఆ బరువు మోయలేక పలుకు చెడగొట్టుకోవచ్చు. పైగా మొత్తం స్థాయిని ముందే 6 తగ్గించుకోకపోతే డిజిటల్ సిగ్నల్ హద్దు దాటి గరగరమంటుంది. 8,000 హెర్ట్జ్ పైన ప్రతి చెవిలో ఫలితం వేరుగా ఉంటుంది కాబట్టి ఎవరో ఇచ్చిన సెట్టింగ్ అక్కడ మనకు కుదరకపోవచ్చు.

సరిచేయలేనివి ఇంకా ఉన్నాయి. తలను నొక్కేసే బిగువు, చెవికి పట్టని ఆకారం, లోపలికి వచ్చే రొద, ఎడమ కుడి తేడా. నా దృష్టిలో తక్కువ బడ్జెట్ లెక్కంతా ఇక్కడే తిరుగుతుంది. గొంతు వెనక్కి ఉంటే 200 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెళ్లు తగ్గించి చూడొచ్చు, సకారం గుచ్చితే 6,000 దగ్గర కాస్త దించొచ్చు. చెవి నొప్పికి అలాంటి మీట లేదు. కాబట్టి రెండు మోడళ్లు ఊగిసలాడిస్తున్నప్పుడు, ట్యూనింగ్ కొంచెం తేడాగా ఉన్నా చెవికి హాయిగా కుదిరేదే ఎక్కువకాలం వాడుకలో ఉంటుంది.

పెట్టె మీద అంకెలు

"5 హెర్ట్జ్ నుంచి 40,000 హెర్ట్జ్" అని రాస్తే అది చెవి పరిధికి రెండు వైపులా బయటే ఉంది. ఎన్ని డెసిబెళ్ల హెచ్చుతగ్గులతో అన్నది రాయకపోతే ఆ అంకె నుంచి తెలిసేది శూన్యం. డ్రైవర్ 40 మిల్లీమీటర్లా 50 మిల్లీమీటర్లా, ఇయర్‌ఫోన్‌లో ఒకటా మూడా అన్నవి కూడా ట్యూనింగ్ గురించి ఏమీ చెప్పవు. ఒకే డ్రైవర్ ఉన్నది బాగా ట్యూన్ అయితే నాలుగున్నదాని కంటే బాగుండొచ్చు.

కొత్త హెడ్‌ఫోన్స్‌ను వంద గంటలు మోగిస్తే "విచ్చుకుంటాయి" అనే నమ్మకం కూడా బాగా ఉంది. డ్రైవర్‌లో కొలవగల మార్పు ఉన్నా చాలా స్వల్పం. ప్యాడ్లు నలిగి తలకు దగ్గరవడం, మన చెవి కొత్త ట్యూనింగ్‌కు అలవాటు పడటం మాత్రం నిజంగా జరుగుతాయి. ఆ అలవాటును తేలిగ్గా తీసేయకూడదు. మొదటి రోజు పలచగా అనిపించిన జత వారం తర్వాత స్పష్టంగా అనిపించొచ్చు, మొదటి రోజు ఉర్రూతలూగించినది వారానికే విసుగు పుట్టించొచ్చు. వాపసు గడువు ఉన్నచోట ఆ రోజులన్నీ వాడుకుని, బాగా తెలిసిన నాలుగైదు పాటలనే మళ్లీమళ్లీ వినేవాళ్లకు ఈ తేడా గడువు లోపే బయటపడుతుంది.